‘చివరి పీసు’ అన్నవాళ్లు లెక్క కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో కొరియా పాటల మోజు మీద వ్యాసం వేశారు. పిల్లలు ఏడేసి వేలు పోసి పైజామాలు కొంటున్నారనీ, చేతిలో పట్టుకుని ఊపే దీపం కోసం నెలల తరబడి డబ్బులు దాస్తున్నారనీ, ఇదంతా తల్లిదండ్రుల గారాబమేననీ అందులో తేల్చేశారు. రాసినాయన ఆ పైజామాని చేత్తో పట్టుకుని చూసినట్టు లేదు. నేను చూశాను. అసలుది కాదనుకోండి, ఆ కథ తర్వాత చెబుతాను.

మాది తెనాలి. బోసు రోడ్డులో బట్టల కొట్టు. మా నాన్నగారు పెట్టింది. నేను గల్లాపెట్టె ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. ఉత్తరం పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మా ఇంటి గొడవ కత్తిరించండి గానీ, చివర్లో అడిగినదాన్ని మాత్రం ఉంచండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ‘ఇదే చివరి పీసమ్మా’ అనే మాట ఈ ఇరవై ఆరేళ్లలో ఎన్ని వేలసార్లు అన్నానో నాకే తెలీదు. విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ బజారులో ఒక డిజైన్ తీసుకుంటే ఆరు రంగుల సెట్టో ఎనిమిది రంగుల సెట్టో వస్తుంది. నడిచే రంగులు రెండు మూడు ఎక్కువ వేయించుకుంటాం. పరుపు మీద మాత్రం ఒక్కటే పరుస్తాం. తక్కినవి అటక మీద మూటలో ఉంటాయి. బేరం తెగక ఆవిడ లేవబోతుంటే మా గుమాస్తా నా వైపు చూస్తాడు. ‘మడత పెట్టేసెయ్యిరా, పొద్దున దుగ్గిరాల వాళ్లు అడిగి వెళ్లారుగా, సాయంత్రం వస్తారు’ అంటాను. లేచిన మనిషి మళ్లీ కూర్చుంటుంది. దుగ్గిరాల వాళ్లెవరో నాకూ తెలీదు, గుమాస్తాకీ తెలీదు.

ఒకసారి కొల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి, కూతురి శ్రీమంతానికని, మామిడిపండు రంగు పట్టుచీర ఇలాగే అమ్మాను. వారం తిరక్కుండానే ఆవిడ జాకెట్టు గుడ్డ కోసం మళ్లీ వచ్చింది. అప్పటికే మా కుర్రాడు అటక మీది రెండో చీర దించి, అద్దాల వెనక బొమ్మకి కట్టేశాడు. ఆవిడ దాని ముందు నిలబడి, కళ్లజోడు పైకి తోసుకుని, కొంగు అంచు పట్టుకుని నిదానంగా చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ‘ఏం శెట్టిగారూ, చివరి పీసు పిల్లల్ని పెట్టిందా?’ అంది. కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. జాకెట్టు గుడ్డకి నేను డబ్బులు పుచ్చుకోలేదు. ఆవిడ ఇవ్వబోనూ లేదు.

అంచేత ‘లిమిటెడ్ ఎడిషన్’ అంటే ఏమిటో మీ వ్యాసం చదివి తెలుసుకోవాల్సిన అవసరం నాకు లేదు. పేరు కొత్తది, అంతే.

ఇక మా అమ్మాయి సంగతి. ఇప్పుడు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. తొమ్మిదో తరగతి అయీ అవకుండానే లాక్‌డౌన్ వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులని ఫోను చేతికిచ్చాం. నెల తిరిగేసరికి ‘నాన్నా, నేను ఆర్మీ’ అంది. సైన్యంలో చేరతానంటోందని మా అమ్మ కంగారుపడి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. బీటీఎస్ అని 2013 జూన్‌లో వచ్చిన ఏడుగురు కొరియా కుర్రాళ్ల బృందం ఉందనీ, వాళ్ల అభిమానుల్నే ఆర్మీ అంటారనీ మాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. తీరా ఆ ఏడుగురూ తర్వాత నిజంగానే సైనిక సేవకి వెళ్లాల్సొచ్చింది. వాళ్ల దేశంలో మగపిల్లలకి అది తప్పదట. పెద్దవాడు 2022 డిసెంబరులో వెళ్లాడు, ఆఖరువాడు 2025 జూన్‌లో బయటికొచ్చాడు. ఆ రెండున్నరేళ్లూ మా హాల్లో దేవుడి క్యాలెండర్ పక్కన ఇంకో క్యాలెండర్ వేలాడింది.

ఈ పిల్లలు ఏం కొంటారో, ఎందుకు కొంటారో నాకు మొదట్లో బోధపడేది కాదు. 2021 జూన్‌లో మెక్‌డొనాల్డ్స్ వాళ్లు ఆ బృందం పేరుతో ఒక భోజనం అమ్మారు. పది కోడిమాంసం ముక్కలు, బంగాళదుంప వేపుడు, ఒక చల్లని పానీయం, రెండు కొరియా రుచుల సాసులు. ఇండోనేషియాలో డెలివరీ కుర్రాళ్లు ఒక్కసారిగా వచ్చి పడితే, అసలే కరోనా రోజులు కావడంతో, కొన్ని కొట్లు ఆపూట మూయించాల్సి వచ్చింది. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటదు. అయినా హైదరాబాదులో ఉన్న మా బావమరిది కొడుకు ఆ తిండి తిని, ఊదారంగు అచ్చు వేసిన ఖాళీ డబ్బా తుడిచి ఆరబెట్టి, కొరియర్‌లో పంపాడు. మా అమ్మ చూడకుండా అది అమ్మాయి బీరువాలో, చున్నీల కింద చేరింది. మూడు వారాలకి చీమలు చెప్పేశాయి. ఆ రోజు జరిగిన గొడవ ఇక్కడ రాయను. ఆ డబ్బా మాత్రం ఇప్పటికీ ఉంది, మేడమీద స్టీలు డబ్బాలో, చుట్టూ లక్ష్మణరేఖ గీతతో. చీమల మందు లక్ష్మణరేఖ.

ఆల్బమ్‌ల సంగతి ఇంకోటి. పాటలన్నీ ఫోన్‌లో వస్తుండగా డిస్కు ఎందుకమ్మా, అది పెట్టడానికి ఇంట్లో మిషను కూడా లేదు కదా అన్నాను. లోపల ఒక ఫోటోకార్డు ఉంటుందట. ఏడుగురిలో ఎవరిది వస్తుందో అట్ట విప్పితే గానీ తెలీదు. మా చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. కపిల్‌దేవ్ కోసం దవడలు నొప్పి పుట్టేదాకా నమిలాం కాబట్టి ఆ ఆత్రం నాకు తెలుసు. కానీ మా అమ్మాయి ఎంపీసీ కదా, ఒకరోజు నా బిల్లు బుక్కు వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించింది. ఆల్బమ్‌కి ఒక్క కార్డే ఉండి, ఏడూ సమానంగా కలిపి ఉంటే, కావలసిన ఒక్కడు దొరకాలంటే సగటున ఏడు ఆల్బమ్‌లు కొనాలి. ఏడుగురూ రావాలంటే సగటున పద్దెనిమిది పైచిలుకు. ‘అందుకే నాన్నా, మేం కొనం, మార్చుకుంటాం’ అంది. గుంటూరులో, ఒంగోలులో, వైజాగ్‌లో ఎవరెవరో పిల్లలు ఇలా కవర్లలో కార్డులు పంపించుకుంటారు. పైన అట్టముక్క, కింద అట్టముక్క, మధ్యలో కార్డు, మూల వంగకుండా టేపు. మా కొట్లో చొక్కాల మడతల్లోంచి వచ్చే అట్టలన్నీ ఆ రకంగా ఖర్చవుతున్నాయి. వాళ్లు వెర్రివాళ్లు కారండీ. వాళ్ల లెక్క వాళ్లకుంది.

ఇప్పుడు పైజామా. 2022 జనవరి మొదట్లో ఆ బృందంలో ఒక్కొక్కరూ తమకి నచ్చిన వస్తువు తామే రూపం గీసి అమ్మకానికి పెట్టారు. ఒకరు సంచి, ఒకరు దీపం, ఒకరు గాలిగంటలు, ఇలా. మా అమ్మాయి ఇష్టపడే జిన్ అనే అబ్బాయి పైజామా సెట్టు చేయించాడు. ధర లక్షా పంతొమ్మిది వేల వొన్‌లు. మన డబ్బుల్లో అప్పటికి ఏడు వేల నాలుగు వందలు, అటూ ఇటుగా. రవాణా, కస్టమ్స్ అదనం. రెండు దసరాల డబ్బులు, మేనమామ ఇచ్చిన పుట్టినరోజు డబ్బులు కలిపి అమ్మాయి దగ్గర అంతా ఉంది. కావలసింది నా కార్డు.

సంక్రాంతి ముందు బట్టల కొట్టువాడి పొద్దు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కొరియా గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ కొట్టు తెరిచే వేళకి ఇక్కడ నా గడ్డం కూడా అవలేదు. సగం మొహాన నురగతో వచ్చి కార్డు నంబరు చెప్పాను. వెనకవైపు మూడంకెలూ చెప్పాను. పిల్ల వేళ్లు వణుకుతున్నాయి. తెర మీద ఏదో గుండ్రంగా తిరిగింది. చెల్లదు అని వచ్చింది. మళ్లీ కొట్టింది. చెల్లదు. రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నియమం ఒకటుందని ఆ తర్వాత తెలిసింది. విదేశీ చెల్లింపులు మనంతట మనం తెరిస్తే తప్ప కార్డులో మూసే ఉంటాయి. మంచి నియమమే, నాలాంటివాళ్ల డబ్బు కాపాడేదే. కానీ ఆ పొద్దున అది తెరవాలంటే బ్యాంకు యాప్‌లోకి వెళ్లాలి. యాప్‌లోకి వెళ్లాలంటే నేను ఎప్పుడో మర్చిపోయిన నాలుగంకెలు కావాలి. అవి మార్చాలంటే సందేశం రావాలి. సందేశం వచ్చేసరికి పైజామా పక్కన బొత్తం బూడిదరంగైపోయి, ‘సోల్డ్ అవుట్’ అని ఉంది.

అమ్మాయి ఏడవలేదు. ‘పర్లేదులే నాన్నా, గడ్డం చేసుకో’ అంది. నురగ ఎండిపోయి మొహం బిగుసుకుపోయింది నాకు.

ఒకటి రెండు రోజుల తర్వాత నవ్వుతూ ఒక వార్త చూపించింది. ఆ జిన్ అబ్బాయే అభిమానులకి రాశాడట, పైజామాకి మంచి గుడ్డ వాడమని అడిగిన మాట నిజమే గానీ ధర చూసి తనూ ఆశ్చర్యపోయానని. ఆ ఒక్క మాటతో ఆ కుర్రాడి మీద నాకు గౌరవం కలిగింది. మా కొట్లో హీరో పేరు పెట్టి చీరలు అమ్మినప్పుడు ఏ హీరో అలా అనలేదు.

ధర గురించి నేను వాదించను. నాలుగున్నర మీటర్ల మేలురకం గుడ్డ, కుట్టుకూలి, గుండీలు, అట్టపెట్టె అన్నీ వేసుకున్నా నా లెక్కకి రెండు వేలు దాటదు. మిగతాది పేరు ఖరీదు. పేరుకి ఖరీదు కట్టడం తప్పయితే నేనూ కొట్టు మూసుకోవాలి. నా తగాదా ఆ బూడిదరంగు బొత్తంతో. ఎన్ని కుట్టారు? వందా, పదివేలా? మళ్లీ కుడతారా? మా అమ్మాయికి తెలీదు, వాళ్ల గుంపులో ఎవ్వరికీ తెలీదు. తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ దొరకదనుకుంటాడు. లేవబోయిన ఆడమనిషి మళ్లీ కూర్చోవడం అదే.

నిజమైన కొరత ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఉప్పాడ జమదానీ చీర పనితనం ఎక్కువున్నది కావాలంటే మగ్గం మీద నెలా రెండు నెలలు పడుతుంది. ఇద్దరు కూర్చుని ఒక్కో బుటా చేత్తో ఎక్కించాలి. ఆ నేతగాడు ‘లిమిటెడ్’ అని చీటీ అంటించడు. నెయ్యగలిగినన్నే నేస్తాడు, కావాలన్నవాళ్ల పేరు రాసుకుంటాడు, నెల ఆగమంటాడు. మిషను మీద అచ్చువేసిన పైజామాకి ఆ ఇబ్బంది లేదు. గుడ్డ ఉంది, మిషను ఉంది, కొనేవాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అలాంటప్పుడు అయిపోయింది అంటే, అంతటితో ఆపాలని ఎవరో కూర్చుని అనుకున్నారన్నమాట. అనుకునే హక్కు వాళ్లకుంది, కాదనను. ఎంత దగ్గర ఆపారో చెబితే సరిపోతుంది.

చెప్పకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. పైజామా దొరకని పిల్లలంతా ఫోన్‌లో ఒకచోట చేరారు. ‘గ్రూప్ ఆర్డర్’ అంటారు. ఎవరో ఒకరు డబ్బులు పోగుచేసి, అందరికీ కలిపి ఒకే పార్సిల్ తెప్పించి, ఎవరిది వాళ్లకి పంచుతారు. రవాణా ఖర్చు కలిసొస్తుంది. నమ్మకంగా చేసే పిల్లలు చాలామంది ఉన్నారని మా అమ్మాయి ఇప్పటికీ అంటుంది, నేనూ నమ్ముతాను. కానీ ఆ పేరు చెప్పుకుని వేరే రాష్ట్రం నుంచి ఎవరో, ‘ఆఖరి రెండు మిగిలాయి, నూటికి నూరుపాళ్లు కాటన్, ఒరిజినల్, పది నిమిషాల్లో డబ్బు వేసినవాళ్లకే’ అన్నారు. మా అమ్మాయి తొమ్మిది వేల రెండు వందలు వేసేసింది. నాకు చెప్పలేదు. పది నిమిషాలే కదా, నేను కొట్లో ఉన్నాను.

నాలుగు నెలలకి, మండు వేసవిలో పార్సిల్ వచ్చింది. అట్ట విప్పి, ఒంటికి ఆనించుకుని, కొట్టుకే పరిగెత్తుకొచ్చింది చూపించడానికి. చేతికివ్వగానే నాకు తెలిసిపోయింది. మా చేతివేళ్లకి అదొక శాపం. గుడ్డ చల్లగా లేదు, జారుతోంది. లోపలి కుట్టు తిప్పి చూశాను. ఓవర్‌లాక్ దారం సూరత్ సరుకులో మాకొచ్చే నాసిరకమే. సైజు చీటీ కూడా మా కొట్లో నైటీల మీద ఉండేలాంటిదే. ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి, మడతలోంచి ఒక్క పోగు లాగి, అగ్గిపుల్ల ముట్టించాను. నూలు పోగైతే కాగితంలా కాలి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. ఇది ముడుచుకుపోయి, నల్లటి పొగ వదిలి, చివర గట్టి పూసలా కూర్చుంది. ఆ పూసని అమ్మాయి అరచేతిలో పెట్టాను. చెప్పకుండా ఉండాల్సిందేమోనని మా ఆవిడ తర్వాత నన్ను తిట్టింది. మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. గుడ్డ విషయంలో నాకు అబద్ధం రాదు. సంఖ్య విషయంలోనే వచ్చేది.

డబ్బు వెనక్కి అడిగితే జవాబు ఒక్క వాక్యం: ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?’ అంటే, అట్ట మీద బ్లేడు పెట్టక ముందు నుంచీ ఆపకుండా తీసిన వీడియో. అది లేకపోతే వచ్చిన సరుకు వాళ్లు పంపింది కాదంటారు. మూడో రోజుకి ఆ ఖాతాయే కనబడలేదు.

ఈ వీడియో అడగడం ఆ దొంగ ఒక్కడి తెలివే అనుకున్నాను. కాదట. 2024 ఆగస్టులో కొరియా ప్రభుత్వపు ఫెయిర్ ట్రేడ్ కమిషన్ అక్కడి పెద్ద సంగీత సంస్థల సరుకులు అమ్మే నాలుగు కంపెనీలకి జరిమానా వేసింది. విప్పిన సరుకు వెనక్కి తీసుకోం అనడం, వీడియో లేనిదే మార్చం అనడం, చట్టం ఇచ్చిన వాపసు గడువుని తగ్గించి చెప్పడం, ఇవీ నేరాలు. నాలుగు కంపెనీలకీ కలిపి కోటీ అయిదు లక్షల వొన్‌లు. వినడానికి ఘనంగానే ఉంది. పైజామా లక్షా పంతొమ్మిది వేలు కదా, భాగించి చూడండి. ఎనభై తొమ్మిది పైజామాలు అమ్మితే ఆ నాలుగు కంపెనీల జరిమానా తీరిపోయి పైన చిల్లర మిగులుతుంది. మా బజారులో తూకం తగ్గించిన కూరగాయల బండివాడు ఇంతకన్నా ఎక్కువ బాధపడతాడు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకు, నకిలీ సరుకు, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకు వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనకూడదు. 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కొనేవాణ్ణి తెరమీద బుట్టలో వేసే పదమూడు రకాల మాయలు అందులో రాశారు. మొట్టమొదటిది ఏమిటనుకున్నారు? లేని తొందర పుట్టించడం. సరుకు నిజంగా ఉన్నదానికన్నా తక్కువ ఉందని చెప్పడం అందులో మాటతో సహా ఉంది. అది చదివినప్పుడు మా దుగ్గిరాల వాళ్లు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఢిల్లీలో కూర్చుని మా కొట్లో జరిగేది ఎవరు చూశారండీ!

అయితే ఒక చిక్కుంది. సరుకు తక్కువ ఉందని అబద్ధం చెప్పకూడదన్నారు బాగానే ఉంది. మొత్తం ఎంతుందో చెప్పి తీరాలని మాత్రం ఎక్కడా నాకు కనపడలేదు. మొత్తం తెలియనప్పుడు, ‘రెండే మిగిలాయి’ అన్నది నిజమో అబద్ధమో ఎవడు తేలుస్తాడు? అటక ఎక్కి చూసేదెవరు?

అందుకని నేను అడిగేది ఇంతే. కొరియా పైజామా కానీయండి, హైదరాబాదులో పెద్ద పాటల కచేరీ జరిగినప్పుడు గేటు దగ్గర అమ్మే టీషర్టు కానీయండి, మన హీరో పుట్టినరోజుకి వేసే బొమ్మ కానీయండి, ‘లిమిటెడ్’ అనే మాట వాడిన ప్రతివాడూ ఎన్ని చేశాడో ఆ మాట పక్కనే అంకెల్లో వేయాలి. మళ్లీ చేస్తాడో చేయడో అప్పుడే రాయాలి. చేయనని రాసి మూడు నెలలకి మళ్లీ చేస్తే మొదట కొన్నవాడు డబ్బు అడిగితే ఇవ్వాలి. సాధారణ సరుకైతే ముందే పేర్లు రాసుకుని, అంతమందికీ కుట్టి పంపితే పోయేదేమిటి? ముందస్తు ఆర్డరు ఆ కంపెనీలకి తెలియని విద్య కాదు, ఆల్బమ్‌లు అలాగే అమ్ముతున్నారు. నెల ఆగమంటే ఆ పిల్లలు ఆగుతారు. పాడే కుర్రాళ్ల కోసం రెండున్నరేళ్లు ఆగినవాళ్లు, పైజామా కోసం నెల ఆగరా?

మీ పత్రికకీ ఒక మాట. వ్యాసం వచ్చిన ఆదివారమే మొదటి పేజీ నిండా ఒక ప్రకటన ఉంది. ‘స్టాక్ ఉన్నంత వరకే’ అని అరచేయంత అక్షరాలు, అడుగున చీమంత చుక్క గుర్తు. పిల్లల్ని మందలించే ముందు ఆ స్టాక్ ఎంతో మీరైనా అడిగి వేయొచ్చు కదా.

మరి నువ్వు చేశావా అని అడుగుతారేమో. కిందటి ఆషాఢంలో చేశాను. ఒక పలక కొని, ‘ఈ డిజైను 18, అమ్మినవి 11’ అని సుద్దతో రాసి పరుపు పక్కన పెట్టాను. మా గుమాస్తాకి అస్సలు నచ్చలేదు, కొట్టు బడిలా ఉందన్నాడు. అమ్మకాలు పెరగలేదు, పడిపోనూ లేదు. ‘ఇంకా ఏడున్నాయిగా, రేపొస్తాంలెండి’ అని వెళ్లినవాళ్లలో సగం మంది రాలేదు, అది నష్టమే. ఒకామె మటుకు కూర్చుని, పలక మీద ఉన్న లెక్కకీ దొంతరలో ఉన్న చీరలకీ సరిపోయిందో లేదో ఎంచి చూసింది. ఒకటి తక్కువొచ్చింది. గుమాస్తా చెరపడం మర్చిపోయాడు. ‘పన్నెండు అమ్మారు, సరిచేయండి’ అని సుద్ద తనే తీసుకుని దిద్దేసింది. రెండు చీరలు కొంది.

మా అమ్మాయి ఇప్పుడు మళ్లీ డబ్బులు దాస్తోంది. ఏడుగురూ తిరిగొచ్చారు కదా. ఈసారి నా కార్డులో విదేశీ చెల్లింపులు ముందే తెరిచి, పరిమితి పెట్టి, ఆ నాలుగంకెలూ పంచాంగం వెనక అట్ట మీద రాసుకున్నాను. ఎవరైనా పిల్లలు మా అమ్మాయిలా మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, అది ఉత్తరంలో తప్పకుండా ఉంచండి. ఆ రోజున మాకది తెలీదు.

నా పేరు మాత్రం వేయొద్దు. బోసు రోడ్డులో బట్టల కొట్లు బోలెడున్నాయి. ఎవరో తెలియకుండా ఉంటేనే మా అందరికీ క్షేమం.

ఇట్లు,
ఒక బట్టల వ్యాపారి,
తెనాలి